ఒక్క చెయ్యి తప్ప

ఇవోన్ లెకేన్‌కి పోలీసు ఉద్యోగం వచ్చిందని తెలిసిన రోజున వాళ్ళ నాన్న ఏమీ అనలేదు. అనకపోవడమే ఆయన అన్న మాట. ఆయన రేవులో కలాసీ, ఆయన తండ్రీ కలాసీయే. మా గ్రాన్‌మార్‌లో ఓడల మీంచి సరుకు దించే ఇంట్లో పుట్టినవాడు తాగుబోతు కావచ్చు, సోమరిపోతు కావచ్చు, ఆఖరికి పాదిరీ అయినా సర్దుకుంటారు. పోలీసు మాత్రం కాకూడదు. ఆ ఆదివారం భోజనాల దగ్గర పెద్దాయన బల్ల చుట్టూ తిరిగి కొడుకులకీ అల్లుళ్ళకీ చెయ్యిచ్చి, ఇవోన్ దాకా వచ్చేసరికి సీసా అందుకుంటున్నట్టు పక్కకి తిరిగాడు. ఆ తర్వాత బతికినన్నాళ్ళూ ఆ కొడుక్కి చెయ్యివ్వలేదు. ఆసుపత్రిలో ప్రాణం పోయే ముందు ఇచ్చాడని ఇవోన్ అక్క చెబుతుంది. అబద్ధం, నేనక్కడే ఉన్నాను అంటాడు ఇవోన్.

మా ఊళ్ళో ఇది చిన్న సంగతి కాదు. బారులోకి అడుగు పెట్టినవాడు ముందు చేతులు కలపాలి, ఆ తర్వాతే గొంతు తడుపుకోవాలి. లోపల ఎంతమంది ఉంటే అంతమందికీ ఇవ్వాల్సిందే. దొంగా దొరా అని చూడరు. చేతులు తడిగా ఉంటే మణికట్టు చాపుతారు, రెండు చేతుల్లోనూ గ్లాసులుంటే మోచెయ్యి ఇస్తారు. ఎవణ్ణయినా దాటేసి పోయారంటే దానికి రెండే అర్థాలు. వాళ్ళ మధ్య పగైనా ఉండాలి, చాటు వ్యవహారమైనా ఉండాలి. ఎవరికి ఎవరితో పగో ఊరందరికీ తెలిసే ఉంటుంది. కనుక తెలియని పగ అంటూ మా ఊళ్ళో ఉండదు, మిగిలేది చాటు వ్యవహారమే.

యాభై దాటిన ఇవోన్ బానపొట్టతో, విడాకులతో, చెప్పులు బాగుచేసే దుకాణం పైన రెండు గదుల వాటాలో ఉండేవాడు. పెళ్ళాం వెళ్ళిపోతూ పిల్లిని కూడా తీసుకుపోయింది. పోలీసు స్టేషన్లో అతనికి నత్త అని పేరు. నత్త నడక నడిచినా వెళ్ళాల్సిన చోటికి వెళ్ళేవాడు, ఎవరూ గుర్తించకపోయినా. గుర్తింపు రాకపోవడానికి కారణం దెనీ ఒబెర్ అని అతని గట్టి నమ్మకం.

ఒబెరూ అతనూ పోలీసు బడిలో ఒకే గదిలో పడుకున్నవాళ్ళు. కొత్తలో ఇవోన్ ఒక చలికాలమంతా వానలో తడిసి, సిగరెట్లు దొంగగా దించే పడవ ఆచూకీ లాగాడు. సంతోషం పట్టలేక ఒకరోజు తాగుతూ ఒబెర్‌కి చెప్పాడు. వారం తిరక్కుండా ఒబెర్ ఆ పడవని పట్టుకుని పేపర్లో ఫోటో వేయించుకున్నాడు. సొమ్మొకడిది, సోకొకడిది. ఒబెర్ అలా ఎక్కిన మెట్టు మీంచి ఇంకో మెట్టు ఎక్కుతూ కెప్టెన్ అయ్యాడు, మాదకద్రవ్యాల దళానికి పెద్ద అయ్యాడు, ఆ దళాన్ని వెంటేసుకుని గ్రాన్‌మార్ స్టేషన్ పై అంతస్తులోకే వచ్చి దిగాడు. కింద ఇవోన్ వాళ్ళు. పైవాళ్ళు కాఫీ మిషన్‌కి తాళం వేసుకునేవాళ్ళు, కిందవాళ్ళు కారు తాళాలు దాచేవాళ్ళు. జీతం ఒకే సర్కారు ఇస్తోంది, పట్టుకోవలసిన దొంగలూ వాళ్ళే. అయినా ఒకరి కేసు ఒకరికి తెలియకుండా కాపాడుకోవడానికే సగం పని సరిపోయేది. సిగ్గులేని బతుకు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

ఇవోన్‌కి ఒక మావయ్య ఉండేవాడు. చాటుగా ఉప్పందించేవాణ్ణి మా పోలీసులు మావయ్య అంటారు. కలాసీలు అదే మనిషిని అనే మాట ఇక్కడ రాయలేను. ఇవోన్ మావయ్య రెజీ దుబోక్ అనే కలాసీ, ఇవోన్ పుట్టిన వీధివాడే. పాడుతూ పనిచేసేవాడు, పాట మాత్రం భరించలేం. ఆరేళ్ళ కింద రెజీ కారు డిక్కీలో విస్కీ పెట్టెలు దొరికాయి. కేసు రాస్తే రేవులో పని చేసుకోనిచ్చే రేవు కార్డు పోతుంది. రేవు కార్డు పోతే మా ఊళ్ళో మనిషి బతికున్నా లేనట్టే. రెజీ ఏడ్చాడు. నీ కార్డు నేను చూసుకుంటాను, నువ్వు నన్ను చూసుకో అన్నాడు ఇవోన్. ఆ రోజు నుంచి అరటిపళ్ళ కంటైనర్లలో తెల్లపొడి ఎప్పుడు వస్తుందో, ఎవరు తాళం తీస్తారో రెజీ చెబుతూ వచ్చాడు. ఫోన్లూ చీటీలూ లేవు. లంగరు అనే బారులో ఇవోన్ అందరికీ చేతులు కలుపుతూ వస్తాడు. సరుకు వస్తుంటే రెజీ బొటనవేలితో అతని వేళ్ళు ఒకసారి నొక్కుతాడు. ఆ ఆదివారం చేపల సంత వెనక కలుసుకుంటారు. అందరి కళ్ళ ముందూ జరిగేది ఎవరి కంటా పడదు.

మావయ్య ఎవరో పైవాళ్ళకి చెప్పి ఉంచాలని నియమం. ఇవోన్ చెప్పలేదు. చెబితే ఆ పేరు మెట్లెక్కి ఒబెర్ చెవిన పడుతుంది. మళ్ళీ ఇంకో పడవ అవుతుంది.

ఆ వసంతంలో రెజీ వేళ్ళు గట్టిగా నొక్కాడు. ఎప్పుడూ రానంత సరుకు, పై వారం గురువారం ఓడలో వస్తోందని ఆదివారం సంత వెనక చెప్పాడు. దించేది గ్రెమోన్ మనుషులు. ఈ గ్రెమోన్ రేవులో పుట్టి పెరిగినవాడే. నవ్వుతూ మాట్లాడతాడు, అడిగిన పిల్లకల్లా చాక్లెట్లు పంచుతాడు, కంటైనర్ తెరవనన్న ఒక కలాసీ మోకాళ్ళు విరగ్గొట్టించాడు. ఇవోన్ పెద్దాఫీసరుకి ఓడ పేరు మాత్రం చెప్పాడు, చెప్పిన మనిషి పేరు చెప్పలేదు. పెద్దాఫీసరు కేసు తీసి ఒబెర్ చేతిలో పెట్టాడు. ఓడ వచ్చేదాకా ఏ కలాసీ మీదా ఎవరూ చెయ్యి వెయ్యకూడదని ఒబెర్ హుకుం జారీ చేశాడు. తర్వాత కిందికి దిగివచ్చి ఇవోన్ బల్ల మీద కూర్చున్నాడు.

"నీ మావయ్య ఎవర్రా?"

"నాకు మావయ్యలు లేరు. మా అమ్మకి అన్నదమ్ముల్లేరు."

"నత్తవి నువ్వు. పాకిన చోటల్లా జిగురు వదుల్తావు. నేనే వెతుక్కుంటాలే."

అన్నట్టుగానే నీడలా వెంట పడ్డాడు. ఇవోన్ రొట్టె కొనడానికి వెళ్ళినా వెనకాలే ఒబెర్ మనిషి ఒకడు తగిలేవాడు. సోమవారం మధ్యాహ్నం ఒబెరే స్వయంగా వచ్చి, మీ ఊరి బారు నాకు చూపించవా అని భుజం మీద చెయ్యేశాడు. కాదంటే అనుమానం. ఇద్దరూ లంగరుకి వెళ్ళారు.

అప్పటికింకా బార్లలో సిగరెట్లు తాగనిచ్చేవాళ్ళు. పొగలో అందరూ ఉన్నారు. ఇవోన్ తలుపు దగ్గర్నుంచి మొదలుపెట్టాడు. గళ్ళ చొక్కా ముసలాడికి, పేకాడేవాళ్ళకి, గ్రెమోన్‌కి, గ్రెమోన్ పక్కవాడికి చెయ్యిచ్చుకుంటూ వస్తున్నాడు. వెనకే ఒబెర్ కూడా ఇస్తున్నాడు గాని, అతని కళ్ళు మనుషుల మీద లేవు, ఇవోన్ చేతి మీద ఉన్నాయి. గల్లా మూలన రెజీ నిలబడి ఉన్నాడు. కాస్త ముందుగానే చెయ్యి చాపాడు. ఏదో చెప్పాలన్న ఆత్రం ముఖం మీద కనిపిస్తోంది. ఇప్పుడు ఆ బొటనవేలు కదిలిందంటే ఒబెర్ పట్టేస్తాడు. ఆరేళ్ళుగా దాచుకున్నది వాడి పాలవుతుంది. ఆ క్షణంలో ఇవోన్ బుర్రలో గ్రెమోన్ లేడు, తెల్లపొడి లేదు. ఉన్నదల్లా ఒబెర్. ఒబెర్ ఏదో అడిగినట్టు ఇవోన్ వెనక్కి తిరిగి, ఆఁ ఏమన్నావు అంటూ రెజీని దాటేసి గల్లా దగ్గరికి వెళ్ళి రెండు కాఫీలు చెప్పాడు.

చాపిన చెయ్యి కాసేపు అలాగే ఉండిపోయింది. తర్వాత రెజీ దాన్ని జేబులో పెట్టుకున్నాడు.

వీపు తిప్పిన ఇవోన్‌కి గ్రెమోన్ గొంతు వినిపించింది. సరదాగానే అంటున్నాడు.

"ఏంట్రా రెజీ, పోలీసాయన నీకు చెయ్యివ్వలేదు? ఏం చేశావేంటి, ఆయన పిల్లిని గాని తినేశావా?"

అందరూ నవ్వారు. రెజీ కూడా నవ్వాడు. ఇవోన్ కాఫీలో పంచదార కలుపుకున్నాడు. వెనక్కి వెళ్ళి ఇప్పుడిస్తే? ఇంకా చెడుతుంది. తండ్రి సీసా అందుకున్న ఆదివారం గుర్తొచ్చింది. పాతికేళ్ళకి పైగా ఏ గాయాన్ని మోశాడో దాన్నే తెలిసి తెలిసి ఇంకొకడికి చేశాడు. పోలీసు కంట పడకుండా దాచబోయి దొంగ కంట పడేశాడు.

సాయంత్రం వెలుగుండగానే రెజీ చేపల సంత వెనక్కి వచ్చాడు. అది ఆదివారం కాదు, అక్కడికి రాకూడదు, అయినా వచ్చాడు. గ్రెమోన్ తనకి మందు పోయించాడట. ఇన్నేళ్ళలో ఎప్పుడూ పోయించలేదట. నీకూ లెకేన్‌కీ గొడవెందుకొచ్చింది అని మంచిగా అడిగాడట. ఏం చెప్పాలో తోచక, పాత విస్కీ గొడవ అన్నాడట. ఆ గొడవ ఉన్నవాడు ఆరేళ్ళుగా చెయ్యెందుకిస్తున్నాడు మరి అని అడిగి, జవాబు వినకుండానే భుజం తట్టి వెళ్ళిపోయాడట.

"నన్ను అరెస్టు చెయ్యి ఇవోన్. ఇప్పుడే. బేడీలేసి బారు ముందు నుంచే ఈడ్చుకెళ్ళు. రెండు తన్నినా సరే. అప్పుడు నమ్ముతారు, మనకి పడదని."

తెలివైన మాటే. ఆ పరిస్థితిలో అంతకంటే మంచి దారి ఎవరికీ తోచదు. కానీ కలాసీ మీద చెయ్యి వెయ్యొద్దని హుకుం. వెయ్యాలంటే ఒబెర్ ఒప్పుకోవాలి. రేపు చేస్తాను, ఇవాళ ఇంట్లోంచి కదలకు అన్నాడు ఇవోన్. రేపు పొద్దున నాకు డ్యూటీ ఉంది అన్నాడు రెజీ. మానేస్తే అదింకో అనుమానం. వెళ్ళబోతూ ఆగి, పోనీ ఆ చెయ్యి ఇప్పుడైనా ఇవ్వరాదా అని నవ్వబోయాడు. ఇవోన్ ఇచ్చాడు. రెజీ చెయ్యి చల్లగా ఉంది.

ఇవోన్ నేరుగా స్టేషన్ పై అంతస్తుకి మెట్లెక్కాడు. ఒబెర్ బల్ల దగ్గరే రొట్టె, పంది మాంసం తింటున్నాడు. ఒక మనిషిని అరెస్టు చేసి గురువారం దాకా లోపల ఉంచుకోవాలి, కారణం అడక్కు అన్నాడు ఇవోన్. ఒబెర్ నములుతూ విన్నాడు.

"పేరు చెప్పు, చేసేస్తా."

"పేరెందుకు? నా మాట మీద చెయ్యలేవా?"

"నీ మాట మీద ఎందుకు చెయ్యాలి? చెప్పు మరి. ఒక్క పేరే కదా, నోరేం అరిగిపోదు."

మీరైతే చెప్పేవారు. నేనైతే చెప్పేవాణ్ణి. చదువుతున్న ఎవరైనా చెప్పేవారే. పేరు ఇవోన్ నాలిక చివర దాకా వచ్చింది. మీసానికంటిన రొట్టె తుంపులు తుడుచుకుంటూ ఒబెర్ చిన్నగా నవ్వాడు, పాత పడవనాటి నవ్వు. అంతే, ఇవోన్ ఆ పేరు మింగేశాడు. పొద్దున చెబుతాను అని దిగిపోయాడు. ఇంటికెళ్ళి సార్డీన్ డబ్బా తెరిచాడు గాని తినలేదు. రేవులో మనుషుల్ని ఇంత తొందరగా ఏం చెయ్యరులే, గురువారం ముందు రక్తం చిందిస్తే వాళ్ళకే నష్టం అని తనకి తాను సర్దిచెప్పుకున్నాడు. పిరికితనానికి ఎప్పుడూ లెక్కలు బాగానే వస్తాయి.

తెల్లారి స్టేషన్ తలుపులు తెరుస్తుండగానే మెట్లెక్కి, ఊపిరి తీసుకోకుండానే చెప్పేశాడు. రెజీ దుబోక్. నా మనిషి. వాణ్ణి కాపాడాలి. కేసంతా నువ్వే తీసుకో, పేపర్లో నీ ఫోటోనే వేయించుకో.

ఒబెర్ కోటు విప్పుతూ ఆగాడు.

"రెజీ అని నాకు నెల కిందటే తెలుసు."

ఇవోన్‌కి అర్థం కాలేదు.

"చేపల సంత దగ్గర మా వాడు మిమ్మల్ని చూశాడు. ఆ అడగడం, వెంట పడటం అంతా నీ నోటితో నువ్వు చెప్తావా లేదా అని చూడ్డానికే. నిన్న సాయంత్రం కూడా వాడి కోసమేనని తెలుసు." కోటు మళ్ళీ తొడుక్కుంటూ, "ఒక్కసారి నువ్వు నన్ను అడుక్కోవాలనిపించింది, అంతే," అన్నాడు.

ఇద్దరూ ఒకే కారులో రేవుకి వెళ్ళారు. ఇద్దరూ ఒకే కారు ఎక్కడం ఈ ఊళ్ళో అదే మొదలు. వెళ్ళేసరికి అంబులెన్సు వచ్చి ఉంది, దానికి తొందరేమీ కనిపించలేదు. రెజీ రెండు కంటైనర్ల మధ్య పడ్డాడన్నారు. వెనక్కి వస్తున్న బండి డ్రైవర్ చూసుకోలేదన్నారు. డ్రైవర్ వణుకుతూ ఏడుస్తున్నాడు, నిజంగానే ఏడుస్తున్నాడు. గ్రెమోన్ ఆ చుట్టుపక్కల లేడు. తెల్లారినప్పటి నుంచీ లంగరులో పేకాడుతున్నాడని పాతికమంది సాక్ష్యం చెప్పారు. ఇవోన్ దుప్పటి అంచు ఎత్తి చూసి మళ్ళీ కప్పాడు. పక్కన ఒబెర్ సిగరెట్టు తీసి వెలిగించలేక పారేశాడు. ఆ ఇద్దర్లో ఎవడు ఒక రోజు ముందు నోరు తెరిచినా ఆ దుప్పటి కింద ఎవరూ ఉండేవాళ్ళు కాదు. ఇద్దరికీ అది తెలుసు కాబట్టి ఒకర్నొకరు తిట్టుకోలేదు కూడా.

గురువారం ఓడ వచ్చింది. ఒబెర్ దళం కంటైనర్లన్నీ తెరిచింది. అరటిపళ్ళున్నాయి, మంచి పళ్ళు. ప్రమాదమని రాసి రెజీ కేసు మూసేశారు. అది ప్రమాదం కాదని ఇవోన్ రాసిచ్చాడు. సాక్ష్యమేదని అడిగారు. చెయ్యి కలపకపోవడం సాక్ష్యం కాదు కదా.

శవాన్ని డాక్టర్లు ఇంకా ఇవ్వలేదు. ఈలోగా ఊళ్ళో గుసగుసలు మొదలయ్యాయి. మా కలాసీల్లో ఎవరైనా పోతే క్రేన్లన్నీ ఆపి, యూనియన్ జెండా కప్పి, శవపేటికని భుజాల మీద మోసుకెళ్తారు. పోలీసులకి ఉప్పందించినవాడికి మాత్రం పాదిరీ, పెళ్ళాం తప్ప ఎవరూ రారు. వాడి కొడుక్కి రేవులో పని దొరకదు, వాడి పెళ్ళానికి రొట్టెల కొట్లో ఎవరూ పలకరు. రెజీ ఏ రకం అన్నది యూనియన్‌వాళ్ళు ఇంకా తేల్చుకోలేకపోతున్నారు. కొడుకు లూయిక్ అప్పటికే కార్డు కోసం ఎదురుచూస్తున్నాడు.

శనివారం పొద్దున రెజీ భార్య జోసియన్ ఇవోన్ వాటా తలుపు తట్టింది. స్టేషన్‌కి వస్తే చూస్తారని సంత నుంచి అటే వచ్చింది. ఒకే వీధిలో కలిసి ఆడుకున్న మనిషి. లోపలికి రమ్మంటే రాలేదు. కూరల బుట్ట కింద పెట్టి మెట్ల మీదే నిలబడింది. ఆరేళ్ళుగా భర్త ఆదివారాలు ఎక్కడికి వెళ్తున్నాడో ఆమెకి తెలియదు.

"ఒక్కటే అడుగుతాను, నిజం చెప్పు ఇవోన్. మా ఆయన నీ మనిషేనా?"

ఇవోన్ ఆమె ముఖం చూశాడు. నిజం చెబితే, ఈ ఊళ్ళో ఎవరూ చెయ్యని పని నీ మొగుడు చేశాడు, నా తప్పు వల్ల చచ్చాడు అని చెప్పాలి. ఆ నిజాన్ని ఆమె ఎక్కడ పెట్టుకుంటుంది? లూయిక్ ఎక్కడికి పోతాడు? ఆరేళ్ళ తర్వాత రెజీకి అతను చెయ్యగలిగిన మేలు ఒక్క అబద్ధమే మిగిలింది, అదీ రెజీ పేరు ముంచేదే.

"కాదు," అన్నాడు. "వాడు గ్రెమోన్ మనిషే. కంటైనర్లు తెరిచేవాడు. ఇంకో వారం బతికుంటే నేనే లోపలేసేవాణ్ణి."

జోసియన్ గోడకి ఆనుకుంది. ఏడుపు వచ్చింది, దుఃఖంతో కాదు, ఉపశమనంతో. ఏసు ప్రభువా, దొంగే కదా అంది. దొంగతనం రేవులో ఎవరు చెయ్యలేదు కనుక. యూనియన్‌వాళ్ళకి ఇదే మాట చెప్తావా అని అడిగింది. చెప్తానన్నాడు. ఆమె ముక్కు తుడుచుకుని బుట్ట చేతిలోకి తీసుకుంది.

"అయితే గ్రెమోన్‌కి కూడా ధైర్యంగా సరేనని చెప్పొచ్చు. పాపం, ఆ రోజు నుంచీ ఇంటికి వస్తూనే ఉన్నాడు, లూయిక్‌కి పని ఇప్పిస్తానన్నాడు. పేటిక ముందు వైపు తనే పట్టుకుంటానన్నాడు. నేనే, ముందు నిన్నడిగి చెప్తానని ఆపాను. ఒప్పుకోనా?"



"ఒప్పుకో," అన్నాడు ఇవోన్.

మంగళవారం క్రేన్లు ఆగాయి. ఊరంతా నడిచింది. గ్రెమోన్ ముందు వైపు కుడి భుజం పట్టాడు, వెనకే లూయిక్ పట్టాడు. సమాధి దగ్గర జోసియన్ గ్రెమోన్‌ని పట్టుకునే చాలాసేపు ఏడ్చింది.